మా నైనా టూ ఇన్ వన్

భోగికి ముందు ఇల్లు దులిపినప్పుడు, రేడియో, క్యాసెట్టు రెండూ ఉన్న మా నైనా టూ ఇన్ వన్‌ను పాతసామాన్ల బండికి ఎత్తించాం. నైనా అంటే మా నాన్న. పోయి చాలాకాలమైంది. ఆయన వస్తువుల్లో ఇంట్లో మిగిలిన చివరి పెద్ద వస్తువు అదే. లోపలి రబ్బరు బెల్టులు వయసు మీరి కరిగిపోయి జిగురు జిగురుగా చక్రాలకు అంటుకున్నాయి. హెడ్ అరిగిపోయింది. బాగుచేయిద్దామని తీసుకెళ్తే మద్రాసులో ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేసే రిచీ స్ట్రీట్‌లో కూడా తల అడ్డంగా ఊపారు. ఇక సాగనంపాల్సిందే. కానీ దాని గురించి నాలుగు మాటలు చెప్పుకోకుండా పంపడానికి నా మనసు ఒప్పలేదు. ఒక పసివాడి చేతిలో పగిలి, ఆ పసివాడి మనసు మాత్రం పగలకుండా మా ఇంట్లో అన్నేళ్లు బతికిన వస్తువది.

మాది పెరియపాళయం. మద్రాసు నుంచి రెడ్‌హిల్స్ దాటి, ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతి పోయే దారిలో ఆరణి నది ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లా. 1997కు ముందు చెంగల్పట్టుతో కలిసి ఉండేది. ఊత్తుకోట దాటితే ఆంధ్ర. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దు మారి తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు వైపు పల్లెలు అటు వెళ్లాయి. గీత ఎటు జరిగినా మావంటి ఇళ్లలో తెలుగు తెలుగులాగే ఉండిపోయింది. బయట తమిళం, బడిలో తమిళం. ఇంట్లో అవ్వ మాట, అమ్మ మాట. అంతకుమించి తెలుగు మా గడప లోపలికి రావాలంటే గాలిలోంచే రావాలి.

అందుకే నైనా ఆ టూ ఇన్ వన్ కొన్నాడు. రైస్ మిల్లులో లెక్కలు రాసే మనిషికి అది చిన్న ఖర్చు కాదు. విదేశీ ఎలక్ట్రానిక్ సామాను మీద సుంకాలు విపరీతంగా ఉన్న 1980ల రోజులు. మద్రాసులో అలాంటివి కావాలంటే అందరూ వెళ్లేది బర్మా బజారుకే. బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగివచ్చినవాళ్లకు బతుకుతెరువుగా 1969లో బీచ్ స్టేషన్ పక్కన వెలిసిన దుకాణాల వరస అది. బిల్లు ఉండదు, గ్యారంటీ ఉండదు. బేరం తెలిసినవాడిదే రాజ్యం. మిల్లు జీతంలోంచి కొద్దికొద్దిగా దాచి, అమ్మ చీటీ డబ్బులు కలిపి, బ్రాడ్‌వేలో బస్సు దిగి నడిచి వెళ్లి తెచ్చాడు. నేషనల్ పానాసోనిక్. వెండిరంగు ముఖం, లాగితే పొడుగ్గా సాగే ఏరియల్, పక్కన గుండ్రంగా తిరిగే ట్యూనింగ్ బిరడా, కింద వరసగా మీటలు. వాటిలో ఒకటే ఎరుపు. అది రికార్డింగుది.

అంతకుముందు మా తాత ఇంట్లో ఉండిన రేడియోకు పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టాల్సి వచ్చేదట. ఇది వచ్చే నాటికి ఆ బాధ లేదు. పొద్దున్నే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. మద్రాసు కేంద్రం నుంచి తెలుగు కార్యక్రమాలు. షార్ట్‌వేవ్‌లో సముద్రం అవతలి నుంచి సిలోన్ తెలుగు ప్రసారం. అందులో అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై గొంతు వినబడగానే అమ్మ పని ఆపి వచ్చి గడప మీద కూర్చునేది. షార్ట్‌వేవ్ ఎప్పుడూ ఒకలా ఉండదు, అలలాగా లేస్తుంది, పడుతుంది. పాట సగంలో దూరమై మళ్లీ దగ్గరకొచ్చేది. ఆ గరగర వినీ వినీ, ఇప్పుడు ఫోన్లో అదే పాట తేటగా వినిపిస్తుంటే ఏదో తక్కువైనట్టే ఉంటుంది నాకు.

ఇక క్యాసెట్టు. 1963లో ఫిలిప్స్ కంపెనీలో లౌ ఒటెన్స్ బృందం తయారుచేసిన ఆ చిన్న పెట్టె మా ఊరి దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కానీ వచ్చాక ఇంటింటినీ పట్టేసుకుంది. తమిళుల ఆడినెల వచ్చిందంటే మా ఊరి భవానీ అమ్మవారి గుడి చుట్టూ మైకు సెట్లలో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన అమ్మవారి పాటల క్యాసెట్లు హోరెత్తేవి. నైనా మాత్రం ఖాళీ క్యాసెట్లు కొనేవాడు. అవ్వను కూర్చోబెట్టి గొబ్బిపాటలు పాడించి రికార్డు చేసేవాడు. అవ్వకు మొదట సిగ్గు. తన గొంతు తనకే వినిపించాక కళ్లు పెద్దవి చేసి, ఇంకోటి పాడతాననేది. మా ఇంట్లో కొన్న పాటలకన్నా పట్టుకున్న పాటలే ఎక్కువ.

టూ ఇన్ వన్ పగిలింది కూడా ఒక ఆడి ఆదివారమే. ఆ వారాల్లో మా ఊరికి వచ్చే జనం గురించి చెప్పాలి. వేపాకు చుట్టుకుని గుడి చుట్టూ తిరిగే మొక్కుబడివాళ్లు, నది ఒడ్డున పొంగళ్లు పెట్టేవాళ్లు, పిల్లలకు తలనీలాలు తీయించేవాళ్లు. నాగలాపురం, సత్యవేడు వైపు నుంచి మా చుట్టాలంతా దిగేవాళ్లు. ఇల్లు సందడి సందడిగా ఉండేది. ఆవేళ కరెంటు లేదు. టూ ఇన్ వన్ సెల్లుల మీద పాడుతోంది. గోడకున్న చెక్క అలమర మీద, కాస్త ముందుకు జరిగి ఉంది. లోపల అవ్వ గొబ్బిపాటల క్యాసెట్టు. మా తమ్ముడికి ఆరేళ్లుంటాయి. తనూ పాడాలనుకున్నాడు. బల్ల ఎక్కి, నైనా ఎలా నొక్కుతాడో అలాగే ఎర్రమీటా పక్కమీటా కలిపి నొక్కాడు. మైకు రంధ్రానికి నోరు దగ్గర పెట్టాలని పిడి పట్టి తనవైపు లాక్కున్నాడు.

సిమెంటు నేల మీద పడిన ఆ చప్పుడుకు వంటింట్లోంచి అమ్మ కూడా పరుగెత్తుకొచ్చింది. క్యాసెట్టు తలుపు విరిగి ఒకవైపు, సెల్లుల మూత ఒకవైపు. లావు సెల్లులు దొర్లుకుంటూ మంచం కిందికి పోయాయి. ఏరియల్ వంగిపోయింది. తమ్ముడు బల్ల మీదే రాయిలా నిలబడిపోయాడు. ఏడవలేదు కూడా.

నైనా వచ్చాడు. మొదట దాని దగ్గరికి వెళ్లలేదు. వాణ్ని బల్ల మీంచి దించి, కాళ్లు, కాలివేళ్లు తడిమి చూశాడు. "యాడన్నా తగిలిందారా?" అన్నాడు. అప్పుడు ఏడుపందుకున్నాడు మావాడు.

చుట్టాలంతా చూస్తున్నారు. నలుగురి ఎదుట కొట్టకపోతే అలుసైపోతామన్న భయం అమ్మానాన్నలకు ఎంతగా ఉంటుందో నాకు ఆవేళే అర్థమైంది. మా మామ ఊరుకోలేదు. "బావా, రెండు తగిలించు. అప్పుడు గాని బుద్ధి రాదు" అన్నాడు. నైనా ఒక్క మాటన్నాడు: "అలమర అంచున పెట్టింది నేను గదా." అని సెల్లులు ఏరుకుని, విరిగిన ముక్కలన్నీ తువ్వాల్లో మూటగట్టి బీరువా మీద పెట్టి, పెరట్లో బావి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఆయనకు కోపం రాలేదని కాదు. చేతులు వణికాయని అమ్మ తర్వాత చెప్పింది. సాయంత్రం తమ్ముణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, "అది పోయిందని నాకు బాధగా ఉంది. నీమీద కాదు" అన్నాడు. పెద్దవాళ్లు తమ బాధను దాచకుండా, దాన్ని పిల్లల నెత్తిన వేయకుండా చెప్పడం నేను చూసింది అప్పుడే. ఈ రెండూ కలిపి చేయడం చాలా కష్టం. బాధ లేనట్టు నటిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

చాలా ఏళ్ల తర్వాత స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే గురించి చదివాను. పిల్లల మంచిచెడుల లెక్క ఎలా ఉంటుందో చెబుతూ ఆయన 1932లో ఒక పుస్తకం వేశాడు. అందుకోసం చిన్నపిల్లలకు రెండు కథలు చెప్పి అడిగేవాడు. ఒక కథలో అబ్బాయిని భోజనానికి పిలుస్తారు. వాడు తలుపు తోస్తాడు. తలుపు వెనక కుర్చీలో పళ్లెం నిండా కప్పులున్నాయని వాడికి తెలియదు. పదిహేను కప్పులు పగులుతాయి. రెండో కథలో అమ్మ ఇంట్లో లేనప్పుడు ఒకడు దొంగతనంగా జామ్ తినబోయి ఒక కప్పు పగలగొడతాడు. ఎవరు ఎక్కువ చెడ్డపని చేశారు? బాగా చిన్నవాళ్లలో చాలామంది పదిహేను కప్పులవాడే అన్నారు. పగిలినదాని లెక్కే వాళ్లకు తప్పు లెక్క. వయసు పెరిగేకొద్దీ ఏ ఉద్దేశంతో చేశాడన్నది చూడటం మొదలవుతుంది.

నాకు ఆశ్చర్యం కలిగించింది పిల్లల జవాబు కాదు. ఖరీదైన వస్తువు పగిలిన క్షణంలో పెద్దవాళ్లం కూడా ఆ చిన్నపిల్లల లెక్కలోకే దిగిపోతాం. పదిరూపాయల గ్లాసు పగిలితే "జాగ్రత్తరా" అంటాం. యాభైవేల ఫోను పగిలితే చెయ్యెత్తుతాం. పిల్లవాడు చేసింది రెండుసార్లూ ఒకటే. మారింది ధర. ఆ ధర వాడు పెట్టింది కాదు, వాడికి తెలిసిందీ కాదు. మా నైనా పెద్దగా చదువుకున్నవాడు కాదు. పియాజే పేరు విని ఉండడు. కానీ రెండు నెలల జీతం నేల మీద ముక్కలై పడి ఉంటే, కప్పులు లెక్కపెట్టకుండా నిలబడగలిగాడు. ఈ నివాళి సగం ఆ పెట్టెకు, సగం ఆయనకు.

ఆ రాత్రి అవ్వ తమ్ముడికి మా ఊరి అమ్మవారి కథ చెప్పింది. గాజులమ్మే వ్యాపారి ఒకడు ఇక్కడ ఆగి నిద్రపోతే గాజుల మూట పుట్టలోకి పోయిందట. కలలో అమ్మవారు కనిపించి తాను ఆ పుట్టలో ఉన్నానని చెప్పిందట. తవ్వుతుంటే గునపం తగిలి నెత్తురొచ్చింది. పసుపు అద్దితే ఆగింది. అప్పుడు అమ్మ బయటపడింది. మా ఊళ్లో స్థలపురాణాన్ని ఇలాగే చెప్పుకుంటారు. అవ్వ చివర్లో అడిగింది: "గునపం తగిలినందుకు అమ్మకు కోపమొచ్చిందా మరి?" తమ్ముడు లేదన్నట్టు తలూపాడు. వాడికి ఆ రోజు కావలసిన కథ అదే. అవ్వ ఎంచుకుని చెప్పిందో, నోటికొచ్చింది చెప్పిందో గాని.

మిల్లు సెలవు రోజున నైనా ఆ మూట పట్టుకుని మౌంట్ రోడ్డు దగ్గర రిచీ స్ట్రీట్‌కు బయల్దేరాడు. తమ్ముణ్ని వెంటబెట్టుకున్నాడు, నన్నూ రమ్మన్నాడు. శిక్షగా కాదు. "నువ్వే పడేశావు గదా, ఎట్టా బాగవుతుందో నువ్వూ చూడాల" అన్నాడు. మెకానిక్ స్టూలు మీద వాణ్ని కూర్చోబెట్టి, విప్పిన మరలు చేతికిచ్చి పట్టుకోమన్నాడు. లోపల నల్లటి కడ్డీ ఒకటి రెండు ముక్కలై ఉంది. అది ఫెరైట్ కడ్డీ. మీడియం వేవ్ అంతా అదే పట్టుకుంటుంది. చూడటానికి ఇనుములా ఉంటుంది గాని కింద పడితే పింగాణీలా చిట్లుతుంది. రెండు ముక్కల్నీ ఆరల్డైట్‌తో దగ్గరగా అతికించి, ఆరాక తీగచుట్టను అటూ ఇటూ జరుపుతూ మద్రాసు స్టేషన్ గట్టిగా వినిపించే చోట ఆపాడాయన. ట్యూనింగ్ ముల్లును నడిపే దారం తెగిపోతే కొత్తది చుట్టాడు. క్యాసెట్టు తలుపు వేరే పాత సెట్టుది తెచ్చి బిగించాడు, రంగు కలవలేదు. అప్పట్నుంచి మా టూ ఇన్ వన్ వెండిరంగు ముఖానికి నల్లతలుపు. దూరం స్టేషన్లు మునుపటంత బాగా పట్టేది కాదు. సిలోన్ మాత్రం వచ్చేది. అది షార్ట్‌వేవ్ కదా, దానికి కడ్డీతో పనిలేదు, ఏరియల్ చాలు.

ఇంటికొచ్చాక తమ్ముడికి ఒక పని అప్పజెప్పాడు. అప్పుడప్పుడూ దూది మీద స్పిరిటు వేసి హెడ్‌నూ, దాని పక్క రబ్బరు చక్రాన్నీ తుడవడం. నైనా కూర్చుని చూసేవాడు, వాడు తుడిచేవాడు. దూది మీద గోధుమరంగు మసి అంటుకుంటే వాడి ముఖం వెలిగిపోయేది. ఆరేళ్లవాడు పగలగొట్టినదాని ఖరీదు ఎప్పటికి తీర్చగలడు? కానీ దాన్ని కాపాడే పనిలో చెయ్యి వేయగలడు. వాడి వయసుకు తగ్గ బాధ్యత అది. మిఠాయి డబ్బులు ఆపడం, నెలల తరబడి దెప్పడం లాంటివాటికన్నా ఇది ఎంతో న్యాయమని ఇప్పటికీ అనుకుంటాను. ఒక్క ఆంక్ష మాత్రం పెట్టాడు. ఎర్రమీట నొక్కాలంటే అడగాలి. అడిగితే ఎప్పుడూ కాదనలేదు.

దీని ఫలం మా ఇంట్లో చాలాకాలం తింటూ వచ్చాం. తర్వాత ఏది విరిగినా, ఏది పోయినా తమ్ముడే ముందు వచ్చి చెప్పేవాడు. పిల్లలు నిజం చెప్పగలగడం ఎంత పెద్ద విషయమో ఈ కాలపు అమ్మానాన్నలకు ఇంకా ఎక్కువ తెలియాలి. మా టూ ఇన్ వన్ పడితే మహా అయితే కాలివేలు చితికేది. ఇప్పటి ఇళ్లలో రిమోట్లలో, బొమ్మల్లో గుండీల్లాంటి చిన్న సెల్లులుంటాయి. రిమోట్ పగిలి, ఆ సెల్లు మింగిన బిడ్డ దెబ్బల భయంతో చెప్పకపోతే, రెండు గంటల్లోనే అన్ననాళం కాలిపోయే ప్రమాదం ఉంది. కిందపడిన ఫోను బ్యాటరీ ఉబ్బితే దాన్ని నొక్కకూడదు, చార్జింగు పెట్టకూడదు, మంటలు రావచ్చు. పగిలిన ఫోను పరుపు కింద దాచిన పిల్లవాడికి ఇవేమీ తెలియవు. దొరికితే ఏమవుతుందో మాత్రం తెలుసు. నీళ్లలో పడిన ఫోనును గుట్టుగా బియ్యం డబ్బాలో పెట్టే పిల్లల్నీ చూశాను. బియ్యం నలుసులు ఫోనును ఇంకా పాడుచేయవచ్చు, అలా పెట్టొద్దని ఆపిల్ కంపెనీయే 2024లో చెప్పింది. బిడ్డ వచ్చి చెప్తే కదా మనం ఆపగలిగేది.

అదే ఏడాది ఆగస్టులో ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగింది నాకు బాగా గుర్తుండిపోయింది. హెక్ట్ మ్యూజియం గుమ్మం దగ్గర కనీసం మూడున్నర వేల ఏళ్లనాటి పెద్ద కూజా ఉండేది. పాత వస్తువులకూ జనానికీ మధ్య అద్దం అడ్డు ఉండకూడదన్నది ఆ మ్యూజియం పద్ధతి. నాలుగేళ్ల పిల్లవాడు లోపల ఏముందో చూద్దామని కూజాను లాగాడు. అది ముక్కలైంది. మ్యూజియంవాళ్లు ఏం చేశారు? కావాలని చేసిన పని కాదని చెప్పి, ఆ కుటుంబాన్ని మళ్లీ పిలిచి మ్యూజియం చూపించారు. ముక్కలు చేర్చి కూజాను తిరిగి అతికించారు. ఇకముందూ అద్దాలు మాత్రం అడ్డుపెట్టబోమన్నారు. పోయినది ఒక ఇంటిది కాదు, ఒక నాగరికతది. అయినా ఆ మాట అనగలిగారు. ఆ వార్త చదివిన రోజు నాకు రిచీ స్ట్రీట్ స్టూలు మీద మరలు పట్టుకు కూర్చున్న మా తమ్ముడు కళ్లముందు మెదిలాడు.

టూ ఇన్ వన్ ఆ తర్వాత చాలా ఏళ్లు పనిచేసింది. టీవీ వచ్చింది, సీడీలు వచ్చాయి, దాని చోటు హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి మిద్దెమెట్ల కిందికి మారింది. అవ్వ పోయింది. నైనా పోయాడు. ఆయన ఉన్నంతకాలం ఆదివారాల్లో దాన్ని దించి దుమ్ము తుడిచేవాడు, పాడకపోయినా తుడిచేవాడు. ఒక వస్తువు మనిషి చేతిలో అంత మర్యాద పొందడం ఇప్పుడు అరుదు. రెండేళ్లకోసారి మార్చేవాటికి ఎవరు స్పిరిటూ దూదీ పడతారు?

దాన్ని సాగనంపే ముందు క్యాసెట్లన్నీ మద్రాసులో ఒక స్టూడియోకు ఇచ్చి ఫైళ్లుగా మార్పించుకున్నాం. కొన్ని బూజుపట్టి పోయాయి. అవ్వ గొబ్బిపాటలది బాగానే ఉంది. క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే దానిమీద మళ్లీ రికార్డు కాదు. నైనా ఆ క్యాసెట్టుకు వాటిని విరవలేదు. అందువల్ల ఆ ఆదివారం ఎర్రమీట నొక్కినంతసేపూ టేపు అవ్వ గొంతును చెరిపేస్తూ తమ్ముణ్ని పట్టుకుంది. స్టూడియో అబ్బాయి హెడ్‌ఫోను పెట్టుకుని వింటూ మధ్యలో ఆపి మమ్మల్ని పిలిచాడు. అవ్వ పాడుతూ ఉంటుంది, చరణం మధ్యలో తెగి తమ్ముడి కేక, రెండు ముక్కల పాట, పిడి గీరుకున్న చప్పుడు, ధబ్. వెంటనే ఏ శబ్దమూ లేని చిన్న ఖాళీ. చెరిపే హెడ్‌కూ రాసే హెడ్‌కూ మధ్య ఉండే టేపు అది. చెరిగిపోయింది గాని రాయడానికి మోటారు బతికి లేదు. ఆ తర్వాత అవ్వ మళ్లీ అందుకుంటుంది, ఇంకో చరణంలో.

"ఈ ముక్క కట్ చేసి పాటను అతికించమంటారా?" అని అడిగాడా అబ్బాయి. తమ్ముడు నా వైపు చూశాడు. వాడి పిల్లలు కూడా పక్కనే ఉన్నారు. వద్దని ఇద్దరం ఒకేసారి చెప్పాం.